చూశాక మొదలయ్యే మాట

ఏ ఊరి బస్టాండులోనైనా పుస్తకాల స్టాలు ముందు కాసేపు నిలబడితే ఒక లోటు కంటికి తగులుతుంది. పురికొసకు క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీసే సినిమా పత్రికలు లేవు. విజయచిత్ర, జ్యోతిచిత్ర, సితార, శివరంజని, ఇంకా నాలుగు సంచికలకే కనుమరుగైన పేర్లెన్నో ఆ తాడు మీద ఊగేవి. ఇప్పుడక్కడ చిప్స్ పొట్లాలు, ఫోను చార్జర్లు ఊగుతున్నాయి. ఎదుటి గోడ మీద మరో లోటు. పాత పోస్టరు మీద ‘విజయవంతమైన 7వ వారం’ అంటూ అడ్డంగా అంటించే సన్నటి కాగితం పట్టీ లేదు. వారం వారం ఆ అంకె మారేది. పోస్టరులో హీరో మొహం ఎండకు వెలిసిపోయినా పట్టీ మాత్రం కొత్తగా మెరిసేది. పత్రికలు పోవడానికి ఫోను కారణమనీ, పట్టీ పోవడానికి ఓటీటీ కారణమనీ వేర్వేరుగా చెప్పుకుంటున్నాం. నిజానికి ఆ రెండూ ఒకదాని ఆసరాతో ఒకటి నిలబడ్డవి. సినిమా వారాల తరబడి ఆడుతుంటేనే పది రోజులు ఆలస్యంగా వచ్చే సమీక్షకు విలువ.

సమీక్షలు తగ్గిపోయాయని అనడం లేదు. ఇప్పుడున్నన్ని సమీక్షలు తెలుగులో ఎన్నడూ లేవు. మొదటి ఆట ఇంటర్వెల్‌కి సగం సమీక్ష, ఆట వదిలేసరికి పూర్తి సమీక్ష చేతిలో ఉంటున్నాయి. పోయింది ఒక రకం సమీక్ష: సినిమా చూసినవాడు, చూసినవాళ్లతో వాదించడానికి రాసేది. ‘చూడొచ్చా?’ అన్న ప్రశ్న దానికి చిన్నది. ‘మనం చూసిందేమిటి?’ అన్నదే దాని అసలు ప్రశ్న. ప్రేక్షకుల అభిరుచి దిగజారి ఆ ప్రశ్న పోయిందంటే నమ్మలేం. సినిమా డబ్బు సంపాదించే పద్ధతి మారింది, దాంతో ఆ ప్రశ్నకు వ్యవధి లేకుండా పోయింది. అవార్డు సినిమాకూ బాక్సాఫీసు సినిమాకూ అభిమాని ఒకప్పుడు ఎలా తీర్పు చెప్పేవాడో వివరంగా చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

పెట్టె కన్నా ముందు

సినిమా అప్పట్లో రేకు పెట్టెల్లో ప్రయాణించేది. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమాకు పద్నాలుగో పదహారో రీళ్లు. ప్రతి ప్రింటుకూ డబ్బు పోయాలి కాబట్టి ఎంత పెద్ద హీరో సినిమా అయినా కొన్ని పదుల ప్రింట్లతోనే విడుదలయ్యేది. ముందు విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదు, వరంగల్లు లాంటి పెద్ద సెంటర్లు. అక్కడ జోరు తగ్గాక తాలూకా ఊళ్లు. ఆ తర్వాత టూరింగ్ టాకీసులు. ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడుపుతూ, ఇక్కడ ఆడిన రీలును సైకిలు మీద రెండో హాలుకు పరుగెత్తించిన ఊళ్లూ ఉన్నాయి. చిన్న ఊరికి చేరేసరికి ప్రింటు నిండా గీతలు పడేవి. అతుకుల దగ్గర మాట తెగేది, పాటలో ఒక చరణం ఎగిరిపోయేది.

పెట్టె ఆలస్యంగా వచ్చినా మాట మాత్రం ముందే వచ్చేది. పట్నంలో చదువుకునే కుర్రాడు సెలవులకు వస్తూ తెచ్చేవాడు. కోర్టు వాయిదాకో పెళ్లి బట్టలకో వెళ్లినవాళ్లు తెచ్చేవాళ్లు. బస్సు కండక్టరు టిక్కెట్టుతో పాటు పంచేవాడు. ‘హిట్ టాక్’, ‘డివైడ్ టాక్’, ‘ఇంటర్వెల్ దాకా పరుగు, తర్వాత సాగదీత’, ‘బాక్సు తిరిగొచ్చేసింది’: ఇవీ ఆ మాటకు ఉన్న అచ్చులు. నోట్లు మారుతూ రావడంలో ఒక మంచి ఉంది. ఒకడు తెచ్చిన ముక్కకు మరొకడు ఒప్పుకోకపోతే ఆ ముక్క అక్కడే రాలిపోయేది, ఇద్దరు ముగ్గురు బలపరిచింది నిలిచేది. ఊరికి సినిమా చేరేసరికి టాక్‌లో చాలా మంది చెయ్యి పడి ఉండేది. టీకొట్టు దగ్గర దాన్ని మోసుకొచ్చినవాణ్ణి ‘నువ్వు చూశావా, విన్నావా?’ అని నిలదీసే హక్కు అందరికీ ఉండేది.

హాలు దగ్గర తీర్పరుల వరస వేరు. సాయంత్రం లౌడుస్పీకరులో ఘంటసాల భక్తిగీతం వినపడిందంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని ఊరంతటికీ తెలుసు. పంపిణీదారు తరఫున ప్రింటు వెంట వచ్చిన రెప్రజెంటేటివ్ ఆట ఆటకూ ఏ తరగతిలో ఎన్ని టిక్కెట్లు తెగాయో డీసీఆర్ కాగితం మీద ఎక్కించేవాడు: నేల ఇంత, బెంచీ ఇంత, కుర్చీ ఇంత. ఆ అంకెల్లోనే అతను సినిమాను చదివేవాడు. కుర్చీ పల్చబడి నేల కిక్కిరిస్తే ఒక రకం సినిమా, నేల తగ్గి కుర్చీ నిలిస్తే మరో రకం. ఏ పాటప్పుడు జనం బీడీలకు లేస్తారో గేటు దగ్గర మనిషికి తెలుసు. దీపాలారి తెర మీద సెన్సారు సర్టిఫికెట్ పడగానే నేల క్లాసులోంచి నాలుగైదు గొంతులు ఒక్కసారిగా ‘పదహారు రీళ్లు!’ అని పైకి చదివేవి. ఇచ్చిన డబ్బుకు ఎంత సినిమా వస్తుందో ఆ క్షణాన తేలిపోయేది. తీర్పు చెప్పే పని కూడా అక్కడే మొదలయ్యేది.

ఈ ఏర్పాటులో తొలి తీర్పుకు పై కోర్టు ఉండేది. 1980లో వచ్చిన శంకరాభరణం దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం. పేరున్న హీరో లేడు, కథానాయకుడు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు. మొదట్లో హాళ్లు పల్చగా ఉన్నాయి. చూసినవాళ్లు ఇంటికి వెళ్లి చెప్పారు, కొందరు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. మాట పాకినకొద్దీ హాళ్లు నిండాయి. మొదటి రెండు రోజుల వసూళ్లే ఆఖరి మాట అయిన పద్ధతిలో ఆ సినిమాకు ఆ గడువు దొరికేది కాదు. తెలుగు ప్రేక్షకుడి అభిరుచికి గుర్తుగా చూపించుకునే సినిమా, అతని మొదటి స్పందన మీద గెలవలేదు. రెండో ఆలోచన మీద గెలిచింది.

పాటల పుస్తకం, పోస్టుకార్డు

అభిమాని విమర్శకుడయ్యే దారి పాటల పుస్తకంతో మొదలయ్యేది. హాలు బయట అమ్మే ఆ పల్చటి పుస్తకంలో నటీనటుల పేర్లు, పాటలు, కథా సంగ్రహం ఉండేవి. కథ సరిగ్గా ముడి పడే చోట ఆగి, శేషం వెండితెరపై చూడమనేది. పత్రికలో వచ్చే సమీక్షకు ఆ మొహమాటం లేదు. కథ దాదాపు మొత్తం చెప్పేసేది. ఇప్పటి పాఠకుడికి అది నేరంలా కనిపించవచ్చు. కానీ ఆ సంచిక చేతికొచ్చేనాటికి చదివేవాళ్లలో సగం మంది సినిమా చూసేసినవాళ్లే. వాళ్లకు కావలసింది కథ ఎక్కడ సడలింది, ఏ పాత్ర ఎందుకు అతకలేదు, పాట అక్కడెందుకు వచ్చింది అన్న విచారణ. చూడొచ్చా లేదా అన్నదానికి ‘ఒకసారి చూడవచ్చు’ అనే చివరి ముక్క చాలేది.

ఆ విచారణకు తెలుగులో మంచి వంశమే ఉంది. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసి, ఆ తర్వాత తానే సినిమా రచయిత అయ్యారు. కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన చేత్తోనే సినిమా మీద వ్యాసాలు రాశారు. గుడిపూడి శ్రీహరి దశాబ్దాల పాటు సమీక్షించారు. ఈ రాతలు చదివి పెరిగిన అభిమాని సంపాదకుడికి పోస్టుకార్డు రాసేవాడు. పదిహేను పైసల కార్డు మీద వ్యాసం పట్టాలి. అక్షరాలు సన్నబడేవి, వరసలు దగ్గరయ్యేవి, వెనక వైపు చిరునామా పక్కన మిగిలిన సగం నిండేది, అదీ చాలకపోతే అంచు వెంబడి కార్డు తిప్పి రాసేవాళ్లు. సమీక్షకుడు ఛాయాగ్రహణాన్ని ఒక్క మాటతో సరిపెట్టాడని ఒకరు, రెండో కథానాయికకు అన్యాయం చేశారని మరొకరు. అది అచ్చయితే అవతలి హీరో అభిమాని రెండు సంచికల తర్వాత జవాబిచ్చేవాడు. ఒక్క వాదన నడవడానికి నెల పట్టేది. ఆ నెల రోజులూ సినిమా ఊళ్లోనే ఉండేది. ఓడిపోతున్నవాడు మళ్లీ టిక్కెట్టు కొని, తాను చెప్పింది తెర మీద ఉందో లేదో చూసి రాగలిగేవాడు. వాదనకు కావలసిన సాక్ష్యం రోజుకు నాలుగు ఆటలు బహిరంగంగా ఆడుతుండటం చిన్న సంగతి కాదు.

విమర్శ అంటే ఆ కాలానికి ఎంత లెక్క ఉండేదో చెప్పడానికి ఒక సినిమానే ఉంది. 1983లో వచ్చిన సాగరసంగమంలో కమల్ హాసన్ పోషించిన బాలకృష్ణ నాట్య విమర్శకుడు. ఒక నర్తకి ప్రదర్శనను పత్రికలో కడిగేస్తాడు. ఆమె నిలదీస్తే, పత్రిక ఆఫీసులోనే, ఆమె అభినయించిన పాటలోని ఒక్క పంక్తిని ఏ నాట్య సంప్రదాయంలో ఎలా అభినయించాలో స్వయంగా చేసి చూపిస్తాడు. నచ్చలేదని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు నచ్చలేదో కళ్లముందు పెట్టాడు. అలాంటి కథానాయకుణ్ణి తెలుగు ప్రేక్షకుడు నెత్తిన పెట్టుకున్నాడంటే, నిగ్గదీసే మనిషి మీద అతనికి గౌరవం ఉందనే అనుకోవాలి.

ఒకే హీరో, రెండు సినిమాలు

1988 వేసవి చుట్టుపక్కల రెండు నెలల తేడాలో చిరంజీవివి రెండు సినిమాలు వచ్చాయి. కె. బాలచందర్ తీసిన రుద్రవీణ కులాన్నీ సంగీతంలోని మడినీ ప్రశ్నించింది. దానికి జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు, ఇళయరాజాకు సంగీతానికి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి గానానికి జాతీయ అవార్డులు వచ్చాయి. వసూళ్లు రాలేదు. యముడికి మొగుడు విరగబడి ఆడింది. అభిమానికి ఇది పెద్ద ఇరకాటం. రెండింటిలోనూ ఉన్నది తన హీరోయే. ఒకటి బాగోలేదంటే ద్రోహం, రెండూ బాగున్నాయంటే ఎలా బాగున్నాయో వేర్వేరుగా చెప్పాలి. చెప్పకతప్పని ఆ ఇబ్బందే అతనికి రెండు కొలతలు నేర్పింది: ఈ సినిమా ఏం చేయబోయింది, చేయబోయింది చేయగలిగిందా? యముడితో పరాచికాలాడే సినిమాను గంభీరంగా లేదని తిట్టడం తప్పే, రుద్రవీణలో ఫైట్లు లేవని తిట్టడమూ తప్పే. ఈ ఇంగితం సినిమా కోర్సుల్లో చదివితే వచ్చింది కాదు. రెండు రకాల సినిమాలూ ఒకే అభిమానం కింద పడటం వల్ల వచ్చింది.

రెండు రకాలూ ఎప్పుడూ విడిపోయి ఉండేవని కూడా అనుకోకూడదు. 1986లో వచ్చిన స్వాతిముత్యం ఇక్కడ హాళ్లు నింపింది, భారతదేశం తరఫున ఆస్కార్‌కూ వెళ్లింది. 1990లో వచ్చిన కర్తవ్యం మాస్ సినిమా, విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు దానికే వచ్చింది. కానీ మరికొన్ని సినిమాల దారి వేరు. ప్రేమ్‌చంద్ కథతో మృణాల్ సేన్ తెలుగులో తీసిన ఒక ఊరి కథ, బి. నరసింగరావు తీసిన రంగులకల, దాసి లాంటివి చాలా ఊళ్లకు రానేలేదు. దాసికి అర్చనకు ఉత్తమ నటితో కలిపి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ సినిమా పేరు విన్నవాళ్లలో హాల్లో చూసినవాళ్లు కొద్దిమందే. గౌతం ఘోష్ దర్శకత్వంలో వచ్చిన మా భూమి హైదరాబాదులో ఉదయపు ఆటలుగా చాలాకాలం ఆడిందంటే, అలాంటి సినిమాకు తలుపు తెరుచుకునేది ఆ వేళకే అని అర్థం.

మిగిలిన దారులు రెండు. ఒకటి ఫిలిం సొసైటీ. సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా 1959లో ఫిలిం సొసైటీల సమాఖ్య ఏర్పడ్డాక ఆ ఉద్యమం మన ఊళ్లకూ పాకింది. హైదరాబాదులోనే కాదు, కరీంనగర్ లాంటి చోట్ల కూడా సభ్యులు చందాలు వేసుకుని ప్రింట్లు తెప్పించుకున్నారు. అద్దె గదిలో 16 ఎం.ఎం. ప్రొజెక్టరు కటకటలాడుతుంటే, దుప్పటి అంత తెర మీద బెంగాలీనో చెక్ భాషనో చూసి, దీపం వెలిగాక అక్కడే గంటసేపు కీచులాడుకునేవాళ్లు. రెండోది దూరదర్శన్. ఆదివారం మధ్యాహ్నం అవార్డు వచ్చిన ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవాళ్లు, కింద ఇంగ్లీషులో మాటలు. అన్నాలు తిని కునుకు తీసే వేళకు వచ్చే ఆ సినిమాలు చాలామందికి నిద్రమందు. కొద్దిమందికి అదూర్ గోపాలకృష్ణన్ పరిచయమైంది మాత్రం అక్కడే.

అందువల్ల అభిమాని చదివే సమీక్షలు రెండు తీరులుగా ఉండేవి. బాక్సాఫీసు సినిమా సమీక్ష అప్పటికే చూసినవాడితో మాట్లాడేది. అవార్డు సినిమా సమీక్ష ఎన్నటికీ చూడలేకపోవచ్చుననుకున్నవాడికి ఆ సినిమాను కథగా, దృశ్యంగా, వెలుగునీడలుగా వర్ణించి చెప్పేది. చాలామంది దాసిని ముందు చదివారు, చూడటం ఎప్పుడో తర్వాత. ఈ రెండింటిలో ఏదీ టిక్కెట్టు కొనాలా వద్దా అని సలహా చెప్పడం కోసం పుట్టింది కాదు. అవార్డులు కూడా అలాంటి ఆలస్యపు సమీక్షలే. 1964లో మొదలైన నందులు ఏటా వెళ్లిపోయిన ఏడాది సినిమాలను మళ్లీ ముందేసుకునే సందర్భం. జాబితా వచ్చాక అందులో లేని సినిమా గురించి జరిగే గొడవే అసలు సమీక్ష. 2014, 2015, 2016 నందులు 2017లో ఒక్కసారే ప్రకటించి ఆపేశారు. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చింది. మధ్యలో ఆ సందర్భమే లేకుండా ఏళ్లు గడిచాయి. లేదని పెద్దగా ఎవరూ అడగకపోవడం ఇంకా పెద్ద మార్పు.

మొదటి మూడు రోజులు

ఇదంతా ఏ ఒక్కరి నిర్ణయంతోనో కూలలేదు. ఫిల్ము ప్రింటు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చింది. ప్రింటు ఖర్చు పోవడంతో అన్ని ఊళ్లలో ఒకేరోజు విడుదల చేయవచ్చు. 2017లో బాహుబలి రెండో భాగం ప్రపంచమంతటా వేల తెరల మీద ఒక్కసారే పడింది. పెట్టె కోసం ఎదురుచూసే ఊరు లేదు. అది అక్షరాలా లాభం: గీతలు పడిన ప్రింటు, ఎగిరిపోయిన చరణం, పట్నం వదిలేశాక వచ్చే మిగులు సినిమా, ఈ అవమానాలన్నీ చిన్న ఊరికి తప్పాయి. కానీ అందరూ ఒకేసారి చూస్తే వసూళ్లూ ఒకేసారి రావాలి. నూరు రోజుల్లో రావలసిన డబ్బు మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో రావాలి. నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో సినిమా ఓటీటీలోకి వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. నూరు రోజుల పండగలో హాలు యజమానికి కూడా ఇచ్చిన షీల్డులు పాత హాళ్ల ఆఫీసు గదుల్లో అద్దాల బీరువాల్లో దుమ్ముపట్టి ఉన్నాయి. వాటి పక్కన పెట్టుకోవడానికి కొత్త షీల్డు రావడం లేదు.

డబ్బు మూడు రోజుల్లో తేలిపోతుంటే సమీక్ష నాలుగో రోజున రాలేదు. అమెరికాలో ముందురోజు వేసే ప్రీమియర్ల మాట ఇక్కడ తెల్లవారి ఆట మొదలుకాకముందే దిగుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడి ఫోను సందేశం ఏలూరులో ఆటకు వెళ్లేవాడి చేతిలో ఉంటుంది. ఒకప్పుడు విజయవాడ నుంచి పల్లెకు వెళ్లిన మాటే ఇప్పుడు సముద్రం దాటి వస్తోంది. తేడా దూరంలో కాదు, వేగంలో: దారిలో దాన్ని నిలదీసేవాడు లేడు. ఈ వేగానికి సరిపడే రూపం అంకె. ఐదుకు ఇంత. తెలుగు సమీక్షలు ఆ అంకెను పావులుగా కోశాయి. రెండు ముప్పావుకూ మూడుకూ మధ్య ఏం తేడా ఉందో రాసినవాడే వివరించలేడు. అయినా ఆ పావు కోసం జరిగే యుద్ధాలు పాత ఉత్తరాల పేజీలోని ఏ తగవుకన్నా తీవ్రం. ఆనాటి తగవులో పాత్రలూ సన్నివేశాలూ ఉండేవి. పావు మీద తగవులో పావే ఉంటుంది.

ఎదురు మాటలు

దీనికి గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది, పాత సినిమా పత్రికలు నిర్మాతల ప్రకటనల మీద బతికాయి కాబట్టి వాటి సమీక్షలు మెత్తగా ఉండేవని. నిజమే. అట్ట వెనక రంగుల ప్రకటన వేసుకుని లోపల సినిమాను చీల్చడం కుదరదు. గాలి కబుర్లతో బతికిన పత్రికలూ తక్కువేం కాదు. కానీ సమీక్ష తలవంచిన చోట ఉత్తరాల పేజీ తలెత్తేది. ప్రకటన ఇచ్చిన సినిమాను పాఠకుడు దులిపితే, అది పాఠకుడి మాటగా అచ్చు వేయగల వెసులుబాటు సంపాదకుడికి ఉండేది. ఇప్పుడు కూడా ప్రచారపు డబ్బు పోలేదు, ఎవరికి ఎంత ముట్టిందో చదివేవాడికి తెలియడం లేదు. అట్ట వెనక ప్రకటన కనీసం కళ్లకు కనపడేది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ఉత్తరం రాయగలిగినవాళ్లు ఎవరు? చదువుకున్న మగవాళ్లు, ఎక్కువగా పట్నాల వాళ్లు. ‘మహిళా ప్రేక్షకులు విశేషంగా ఆదరించిన’ అని ప్రకటనలో వేసేవాళ్లు గాని, ఆ మహిళలు ఏమనుకున్నారో ఏ పేజీలోనూ కనపడేది కాదు. నేల క్లాసు కేకలేసింది, దానికి అచ్చు దక్కలేదు. అభిమాన సంఘాల తగవుల వెనక కులాల లెక్కలుండేవి. ఆ అభిమానాన్ని పక్కనపెట్టి తెలుగు సినిమాను అర్థం చేసుకోలేమని చిరంజీవి మీద ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ఒక పుస్తకమే రాశారు. ఈ రోజు పల్లెటూరి అమ్మాయి కూడా తన ఫోనులో తన అభిప్రాయం చెప్పగలదు. దీన్ని మించిన లాభం లేదు, పాత రోజులు మళ్లీ రావాలనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. కానీ గొంతు వచ్చినంతగా తీరిక రాలేదు. హాలు మెట్ల మీద మైకు మూతి దగ్గర పెడితే, అప్పుడే వెలుతురులోకి వచ్చి కళ్లు చికిలించుకుంటున్న మనిషి ‘సూపర్ అన్నా’ అనో ‘వేస్ట్’ అనో అనడానికే వ్యవధి. ఆ మనిషికి చెప్పడానికి ఇంకా ఎంతో ఉండొచ్చు. అడిగేవాడు ఆగడు.

మూడోది, టిక్కెట్టు ధర. మల్టీప్లెక్సుకు నలుగురు వెళ్తే టిక్కెట్లు, పాప్‌కార్న్, పార్కింగు కలిపి సామాన్యుడి బడ్జెట్టు తలకిందులవుతుంది. అలాంటప్పుడు ముందే చెప్పే సలహా కావాలనడం న్యాయమే. నేల టిక్కెట్టు రోజుల్లో పొరపాటున చెత్త సినిమా చూసినా నష్టం తక్కువ. కాబట్టి కొనేముందు సలహాను తప్పుపట్టనక్కర్లేదు. ఆ సలహానే సమీక్ష అనుకోవడం దగ్గర పేచీ. విడుదలైన 48 గంటల దాకా సమీక్షలు చేయకుండా ఉంటే బాగుంటుందని 2024లో కేరళ హైకోర్టుకు అమికస్ క్యూరీ నివేదిక ఇచ్చారు. తొందర వల్ల నష్టం జరుగుతోందన్న గ్రహింపు అందులో ఉంది. కానీ నోరు మూయించి తెచ్చే ఆలస్యం ఆలోచన కాదు. పోస్టుకార్డు నెల పట్టింది ఎవరో ఆజ్ఞాపించి కాదు. నెలపాటు ఆ సినిమా గురించి మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగిలి ఉండేది.

ఆలస్యం ఎక్కడికి పోయింది

ఇక్కడ నా వాదనకే ఎదురు నిలిచే ఒక ఉదాహరణ ఉంది. 2022 మార్చి 25న ఆర్‌ఆర్‌ఆర్ విడుదలైంది. తెలుగు నేల మీద దాని మీద చర్చ మొదటి వారాంతంలోనే ముగిసింది: ఎవరి హీరోకు ఎంత నిడివి, ఏ జిల్లాలో ఎంత వసూలు. అమెరికాలో తెలుగు తెలియని ప్రేక్షకులు దాన్ని నెమ్మదిగా కనుక్కున్నారు. జూన్ 1న అక్కడి హాళ్లలో ఒక్కరాత్రి ప్రత్యేకంగా మళ్లీ వేశారు. హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. చూసినవాళ్లు చూడనివాళ్లను లాక్కొచ్చారు, విమర్శకులు రెండోసారి రాశారు. మన దేశం ఆ ఏడాది ఆస్కార్‌కు పంపింది గుజరాతీ సినిమా ఛెల్లో షో. అయినా ఆ మాట ఏడాది సాగి, కీరవాణి, చంద్రబోస్‌ల నాటు నాటుకు 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. శంకరాభరణానికి మన ఊళ్లలో జరిగింది ఒక మాస్ సినిమాకు పరాయి దేశంలో జరిగింది. అంటే డిజిటల్ యుగంలో ఆలస్యపు తీర్పు అసాధ్యమేమీ కాదు. సినిమాను మళ్లీ చూసే చోటూ, మళ్లీ మాట్లాడే అలవాటూ ఉంటే చాలు.

మన దగ్గర కూడా ఆ తీర్పు మారకుండా లేదు. 2010లో విడుదలైనప్పుడు నిరాశపరిచిన ఆరెంజ్, ఖలేజా టీవీలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, కొత్త అభిమానులను కూడగట్టుకున్నాయి. 2023లో ఆరెంజ్‌ను, 2025లో ఖలేజాను మళ్లీ విడుదల చేస్తే హాళ్లు పండగ చేసుకున్నాయి. విడుదలనాటి అంకెలు తప్పని ఆ జనం చెప్పేశారు. ఆ పన్నెండు, పదిహేనేళ్లలో తీర్పు ఎప్పుడు, ఎందుకు, ఎవరి దగ్గర మారిందో చెప్పే రాత మాత్రం వెతికినా దొరకదు. విజయచిత్ర పాత సంచిక తిరగేస్తే ఒక సినిమా మీద పాఠకుల మనసు ఎటు మళ్లిందో అంచనా కట్టవచ్చు. ఖలేజా విషయంలో మనకు మిగిలింది ఒక చివర ఫ్లాపు అనే మాట, మరో చివర ఈలలు. ప్రేక్షకుడు ఇప్పటికీ నిదానంగానే ఆలోచిస్తున్నాడు. రాసేవాళ్లు ఆ నిదానం వెంట నడవడం మానేశారు.

కాబట్టి ఇందులో నష్టం ఎంత, లాభం ఎంత అని లెక్క కడితే, పాత పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలనే మాట నిలవదు. దాసి చూడటానికి ఇరవయ్యేళ్లు ఆగక్కర్లేదు, నేల క్లాసు నోరు మూగ కాదు. ఇవి వదులుకోకూడని లాభాలు. నష్టం ఒక్కటే: చూశాక మొదలయ్యే మాటకు అచ్చులో చోటు. విడుదలనాటి సమీక్షను ఎవరూ ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. అదే పత్రికో అదే చానలో నూరో రోజున, సినిమా ఓటీటీలో అందరికీ అందుబాటులో ఉన్నప్పుడు, అదే సినిమా మీద రెండోసారి రాయడానికి ఏ అడ్డూ లేదు. కథ దాచాల్సిన పని ఉండదు, వసూళ్లు తేలిపోయి ఉంటాయి, అంకె వేయాల్సిన అవసరమూ ఉండదు. వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మంచివి పక్కన వేస్తే ఇంకా మేలు. అలా రాయడానికి కావలసిన అభిమానులు ఈ రోజు మునుపటికన్నా ఎక్కువే ఉన్నారు. ప్రపంచ సినిమా చూసినవాళ్లు, ఒక్కో షాటునూ విప్పి చెప్పగలిగినవాళ్లు. వాళ్లను మొదటి ఆట వదిలిన పది నిమిషాల్లో రెండు ముప్పావా మూడా అని అడగడం మానేసి, మూడు నెలల తర్వాత ‘మనం చూసిందేమిటి?’ అని అడగాలి.